మద్యము - నొప్పి - వేదన

మద్యపానమును గూర్చి మన యిండ్లలో రెండు మాటలు తరచుగా వినబడుచుండును. త్రాగువాడు చెప్పునది మొదటిది: "పగలెల్ల రాళ్లు మోసితిని, ఒళ్లు పచ్చిపుండై యున్నది, ఒక గుక్క పడనిదే కన్ను మూతపడదు." ఇంటివారును, సంఘ సంస్కర్తలును చెప్పునది రెండవది: "అది వట్టి సాకు. నీకు గలది నొప్పి కాదు, మనోదౌర్బల్యము." ఈ రెండు మాటలు తరతరములుగా ఒకదానితో నొకటి పోరాడుచునే యున్నవి. మొదటి మాటలో నిజమెంత, రెండవ మాటలో కొరత యెంత యని నెమ్మదిగా విచారించిన వారు మాత్రము కొలదిమందియే. త్రాగువాని మెదడులో సుఖమును, నొప్పిని నడపు స్థానముల మధ్య నేమి జరుగుచున్నదో యీ నూరేండ్లలో శాస్త్రజ్ఞులు కొంత తెలిసికొనిరి. ఆ తెలివిడికి మన హైదరాబాదు, సికింద్రాబాదుల చరిత్రతో విచిత్రమైన సంబంధము కలదు. ఆ సంబంధమును చెప్పి, దానివలన గృహస్థులు గ్రహింపవలసిన దేమో చూపుటయే యీ వ్యాసోద్దేశము.

జంటనగరముల నడుమ నున్న బేగంపేటకు ఆ పేరు ఆరవ నిజాము మహబూబు అలీఖాను కుమార్తె బషీరున్నిసా బేగమువలన వచ్చినదని చెప్పుదురు. ఆ కాలమున నచ్చట మద్రాసు పటాలమువారి శిబిరముండెను. 19వ మద్రాసు పదాతి దళమునకు వైద్యుడుగా వచ్చిన రోనాల్డు రాసు 1897 ఆగస్టు 20వ తేదీన, మలేరియా రోగిని కుట్టిన దోమ యొక్క జీర్ణకోశపు గోడలో ఆ జ్వరపు పరాన్నజీవి పెరుగుచుండుటను సూక్ష్మదర్శినిలో చూచెను. ఆ రోగి పేరు హుసేన్ ఖాను. తన్ను కుట్టనిచ్చినందులకు దోమ కొక్క అణా చొప్పున అతనికి ముట్టినది. మలేరియా యను మాటకు ఇటలీ భాషలో చెడుగాలి యని యర్థము. వేలయేండ్లుగా లోకము గాలిని నిందించుచు వచ్చెను. జ్వరము వచ్చినవాడు బురదనేల దాపున నుండుట నిజమే. గాలి చెడ్డదై యుండుటయు నిజమే. కాని జ్వరము వచ్చు త్రోవ వేరు. ఆ త్రోవ తెలిసిన పిమ్మటనే దానికి అడ్డుకట్ట వేయుట సాధ్యమైనది. రాసునకు 1902లో నోబెలు బహుమానము వచ్చెను. ఆయన పనిచేసిన భవనము నేటికిని బేగంపేటలో నున్నది.

త్రాగుడును గూర్చియు మన మట్లే చెడు సహవాసమును, చెడు నడతను, పూర్వకర్మమును నిందించుచు వచ్చితిమి. అవి బొత్తిగా అబద్ధములని చెప్పరాదు. కాని రోగము నడచు త్రోవను తెలిసికొనక నింద చేసినంత మాత్రమున మాన్పు కలుగదు.

సికింద్రాబాదు దండుప్రదేశము 1806 నాటిది. కుంఫిణీ కాలమున గోరా సిపాయిలకు దినబత్తెములో సారాయి యొక భాగముగా నుండెడిది. ఎండకును, రోగమునకును, స్వదేశమునకు దూరమైన దిగులునకును అదియే మందని దొరల నమ్మకము. సైన్యమువారు తామే పోసిన సారాయి తమ సైన్యమునే చెరచుచున్నదని తెలిసికొనుటకు చాలకాలము పట్టెను. 1862లో గ్రెగ్సన్ అను క్రైస్తవ బోధకుడు ఆగ్రాలో సిపాయిల మద్యపాన విసర్జన సంఘమును స్థాపించెను. 1888లో సర్వసేనాని రాబర్ట్సు అట్టి సంఘముల నన్నిటిని ఒక్కటిగా కూర్చెను. సిపాయికి త్రాగుట మానుమని చెప్పుటతో పాటు, సాయంకాలము పోయి కూర్చుండుటకు గదియు, చదువుటకు పత్రికలును, త్రాగుటకు కాఫీయు నేర్పరచుట యీ సంఘముల పద్ధతి. త్రాగుడు తీర్చుచున్న కొరత యేదో దానిని మరియొక విధముగా తీర్పవలెనని వారు గ్రహించిరి. ఈ సంగతి మనము మరల తలచుకొనవలసి యుండును.

ఇక నొప్పి మాట. 1846లో ఈథరును, 1847లో క్లోరోఫారమును శస్త్రచికిత్సకు వచ్చువరకు వైద్యులకు మద్యమును, నల్లమందును దప్ప వేరు దిక్కు చాల కాలము లేకుండెను. కాలు తీయవలసిన వానికి సారాయి పట్టించి, నలుగురు పట్టుకొనగా కోయుచుండెడివారు. కావున మద్యము నొప్పిని మందగింపజేయు ననుట త్రాగుబోతులు కల్పించిన మాట కాదు. వైద్యులును నమ్మి వాడిన సంగతియే. నేటి పరీక్షలును దానిని కొంతవరకు సమర్థించుచున్నవి. 404 మంది ఆరోగ్యవంతులపై జరిగిన 18 ప్రయోగములను సమకూర్చి 2017లో ప్రకటించిన పరిశీలనమున, రక్తములో మద్యము 0.08 శాతమునకు చేరినప్పుడు నొప్పి తోచు తీవ్రత చెప్పుకొనదగినంత తగ్గుచున్నదని తేలినది. అయితే మన దేశమున వాహనము నడుపువాని రక్తమున చట్టము సహించునది 0.03 శాతము మాత్రమే. నొప్పి తగ్గవలెనన్నచో దానికి రెండింతలకు మించి త్రాగవలసి యుండును. అది యొకనాటితో పోవునదియా? నొప్పి దినదినము వచ్చును. ఆ మోతాదును దినదినము కావలసి వచ్చును. మందు విషమగుట కిచ్చటనే బీజము పడుచున్నది.

నొప్పి మందుల చరిత్రలో హైదరాబాదునకు ఒక గొప్ప యధ్యాయము కలదు. రెసిడెన్సీ వైద్యుడును, హైదరాబాదు వైద్యపాఠశాల యధిపతియునైన ఎడ్వర్డు లారీ క్లోరోఫారమునందు గట్టి నమ్మకము గలవాడు. క్లోరోఫారమువలన కొందరు రోగులు హఠాత్తుగా చనిపోవుచుండగా, ఆ మరణములు గుండె యాగుటవలననా, ఊపిరి యాగుటవలననా యని ఐరోపాలో పెద్ద వాదము పుట్టెను. దానిని తేల్చుటకు 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారము కమిషను, 1889లో రెండవ కమిషను నడచినవి. రెండవదానికి నిజాము వేయి పౌనుల ధనమిచ్చెను. లండను నుండి లాన్సెట్ పత్రిక పక్షమున లాడర్ బ్రంటన్ వచ్చెను. హైదరాబాదు వైద్యపాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ యను పారసీ వనిత క్లోరోఫారమిచ్చు విద్యలో నీ కాలముననే పేరు గడించెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు చేసి కమిషను చెప్పిన తీర్పు ఇది: ఊపిరియే ముందుగా ఆగును, కావున ఊపిరిని కనిపెట్టి యుండిన చాలును, గుండెను గూర్చి భయపడ నక్కరలేదు.

ఆ తీర్పు పొరపాటని తరువాత తేలినది. క్లోరోఫారము కొద్దిగా నిచ్చినప్పుడు సైతము, భయమువలన దేహమున నుబుకు ఆడ్రినలిను తోడై గుండె లయ తప్పి హఠాత్తుగా నిలిచిపోవచ్చునని 1911లో గుడ్మన్ లెవీ నిరూపించెను. హైదరాబాదు వైద్యులు అశ్రద్ధ చేసినవారు కారు. మిక్కిలి శ్రద్ధతో పనిచేసినవారే. కాని వారి చూపంతయు ఊపిరిమీదనే నిలిచెను. మద్యపాన నిరోధమునందును మన కిట్టి ప్రమాదమే కలదు. మన చూపు సీసామీద నిలిచి, ఆ సీసా దేనికి మందుగా వాడబడుచున్నదో దానిని చూడకపోవుట జరుగుచున్నది.

క్లోరోఫారమునకు దగ్గరి చుట్టమైన మరియొక పదార్థము మన తెలంగాణపు కల్లు దుకాణముల చరిత్రలో ప్రవేశించినది. దాని పేరు క్లోరల్ హైడ్రేటు. జర్మను రసాయనజ్ఞుడు లీబిగు 1832లో మద్యసారముమీద క్లోరిను వాయువును నడపి క్లోరలును తయారుచేసెను. 1869లో లీబ్రైఖు అను వైద్యుడు ఇది రక్తములో క్లోరోఫారముగా మారునని తలచి దీనిని నిద్రమందుగా నిచ్చెను. నిద్ర వచ్చిన మాట నిజము, హేతువు మాత్రము తప్పు. అది దేహమున ట్రైక్లోరోఇథనాలు అను ఒకవిధమైన మద్యసారముగా మారి మెదడును మందగింపజేయును. స్వచ్ఛమైన తాటికల్లునందును, ఈతకల్లునందును మద్యసారము నూటికి నాలుగైదు పాళ్లకంటె హెచ్చుగా నుండదు. చెట్లు తక్కువయై గిరాకి హెచ్చిన పట్టణములలో వ్యాపారులు నీళ్లలో చక్కెరయు, క్లోరల్ హైడ్రేటును కలిపి కల్లని యమ్మజొచ్చిరి. తరువాత డయాజెపాము, అల్ప్రజోలాము వంటి నిద్రమాత్రల పొడియు దానిలో చేరెను. ఈ పాపము చెట్టెక్కి కల్లు దీయు గీత కార్మికునిది కాదు. చెట్టు లేకయే కల్లు సృష్టించు వ్యాపారిది.

ఇప్పుడు మెదడు సంగతికి రావలెను. మద్యసారము, క్లోరలు, డయాజెపాము, అల్ప్రజోలాము - వీని పేర్లు వేరైనను మెదడులో ఇవి చేయు పని చాలవరకు నొక్కటియే. మెదడులోని కణములను శాంతింపజేయుటకు గాబా యను ద్రవ్యము సహజముగా నున్నది. ఈ మత్తుపదార్థములు దాని బలమును పెంచును. మద్యము ఇంతటితో నాగదు. కణములను మేల్కొల్పు గ్లూటమేటు అను ద్రవ్యపు పనిని తగ్గించును. మెదడు తనలో తాను తయారుచేసికొను నల్లమందు వంటి ఎండార్ఫినులను విడిపించును. ఈ విడుదల న్యూక్లియస్ అకంబెన్స్ అను స్థానమునందును, నుదుటి లోపలి భాగమునందును జరుగుచున్నట్లు 2012లో కాలిఫోర్నియాలో మనుష్యుల మెదడులనే చిత్రించి చూచిరి.

ఈ న్యూక్లియస్ అకంబెన్స్ సుఖమార్గమున ముఖ్యమైన మజిలీ. 1954లో కెనడాలో ఓల్డ్సు, మిల్నరు అను ఇద్దరు ఎలుక మెదడులో ఒకచోట సన్నని తీగ నమర్చి, మీట నొక్కినప్పుడెల్ల అచ్చట విద్యుత్తు తగులునట్లు చేసిరి. ఎలుక ఆ మీటను మరల మరల నొక్కుచుండెను. భోజనము, స్నేహము, బిడ్డ నవ్వు, పని ముగించిన తృప్తి - ఇవన్నియు డోపమీను అను ద్రవ్యము ద్వారా ఈ మార్గమునే మేల్కొల్పును. "ఇది మేలు, మరల చేయుము" అని మెదడు తనకు తాను చెప్పుకొను చోటిది.

నొప్పికిని మార్గము కలదు. ముల్లు గ్రుచ్చుకొన్న వార్త వెన్నుపామునుండి మెదడునకు పోయి, అచ్చట రెండు పాయలగును. ఒక పాయ "ఎచ్చట, ఎంత" అని చెప్పును. రెండవ పాయ ఇన్సులా, సింగులేటు అను స్థానములకు పోయి "ఎంత బాధ, ఎట్లు సహింతును" అని చెప్పును. మన భాషలో నొప్పి, వేదన యని రెండు మాటలుండుట యెంత సార్థకము! 1997లో మాంట్రియలులో జరిగిన పరీక్షయందు మనుష్యుల చేతిని వేడినీటిలో నుంచి, వశీకరణమువలన వారి వేదనను మాత్రము హెచ్చించియు, తగ్గించియు చూచిరి. నీటి వేడి మారలేదు. నొప్పి యెచ్చటిదో చెప్పు స్థానమును మారలేదు. సింగులేటు పనిమాత్రము వేదనతో పాటు మారుచు వచ్చెను. నొప్పి దేహపు వార్త, వేదన ఆ వార్తకు మెదడు కట్టిన వెల యని చెప్పవచ్చును. మద్యము ముఖ్యముగా తగ్గించునది యీ రెండవదానినే. అందువలననే అది నడుము నొప్పికిని, అప్పుల దిగులునకును, బిడ్డ పోయిన దుఃఖమునకును ఒకేతీరున మందువలె తోచును.

ఈ స్థానములు విడివిడిగా నుండు గదులు కావు. వాని నడుమ నిత్యము మాటపోక జరుగుచుండును. దూరపు కొండమీదనుండి రెండు ఊళ్లను చూచువానికి, ఆ యూళ్ల దీపములు ఒకే వేళకు వెలుగుచు, ఒకే వేళకు ఆరుచున్నచో వాని మధ్య నేదో సంబంధమున్నదని తోచును గదా! అట్లే మెదడులోని రెండు చోట్ల రక్తప్రవాహపు గుర్తులు కలిసి పెరుగుచు, కలిసి తగ్గుచున్నచో ఆ రెంటికి సంబంధము గట్టిదని యెంచుదురు. రక్తములోని ఆమ్లజని మార్పును అయస్కాంత యంత్రముతో చూచు పద్ధతిని 1990లో జపాను శాస్త్రజ్ఞుడు సెయిజి ఒగావా కనిపెట్టెను. ఏ పనియు చేయక ఊరక పడుకొన్న మనుష్యుని మెదడులోనే యీ సంబంధములను చదువవచ్చునని 1995లో భారత సంతతివాడైన భరత్ బిశ్వాల్ చూపెను.

ఆ పద్ధతితో దీర్ఘకాలము త్రాగినవారి మెదడులను చూచినప్పుడు సంబంధముల లెక్క తారుమారగుట కనబడినది. అందరి యందును ఒకే మార్పు కనబడదు. వయస్సు, త్రాగిన కాలము, మానిన కాలము ననుసరించి భేదములు కలవు. అయినను మూలసూత్రము స్పష్టమగుచున్నది. సుఖమార్గమునకును, ఆలోచించి "వద్దు" అని చెప్పు నుదుటి భాగమునకును మధ్య నుండవలసిన అదుపు సడలును. భయమును, బాధను మోయు అమిగ్డలా వంటి స్థానములు మత్తు లేనివేళ మిక్కిలి మేల్కొని యుండును. సుఖమార్గము తనకు నిత్యము కలుగు చిన్న సంతోషములకు చలింపదు. కల్లు వాసనకు, దుకాణము కనబడుటకు మాత్రము చలించును. "నా కొడుకు ముఖము చూచియైనను మానలేదే" యని తల్లి యేడ్చుచుండును. కొడుకు ప్రేమలేనివాడని కాదు. ప్రేమ పలుకవలసిన తీగ మూగవోయినది.

కారణ మిది. మెదడు తక్కెడ వంటిది. ఒక పళ్లెమున దినదినము మత్తును వేయుచున్నచో, అది సమముగా నుండుటకై రెండవ పళ్లెమున తానే బరువు వేసికొనును: గాబా బలమును తగ్గించుకొని, గ్లూటమేటు బలమును పెంచుకొనును, ఎండార్ఫినులకు మారుగా డైనార్ఫిను అను బాధాకరమైన ద్రవ్యమును, ఆందోళన కలిగించు ద్రవ్యములను హెచ్చించుకొనును. తెల్లవారి మత్తు దిగిన వెంటనే మొదటి పళ్లెము ఖాళీయగును. రెండవదాని బరువు మిగిలి యుండును. నిన్న సహించిన నొప్పి నేడు సహింపరానిదగును. చేతులు వణకును, నిద్ర చెదరును, చిన్నమాటకు కోపము పెల్లుబుకును. ఒక గుక్క త్రాగినచో శాంతించును. త్రాగువాడు దానిని చూచి "చూడుము, నా నొప్పికి ఇదియే మందు" అనును. ఆ నొప్పిలో సగము ఆ మందు పెట్టినదేయని యతనికి తెలియదు. 2012లో ఎగ్లి, కూబు, ఎడ్వర్డ్సు అను శాస్త్రజ్ఞులు మద్యవశత్వమును దీర్ఘకాలిక వేదనా రోగముతో పోల్చి వ్రాసిరి. వడ్డీవ్యాపారి వద్ద తెచ్చిన అప్పుతో వడ్డీ కట్టు రైతు స్థితి యీ త్రాగువానిది.

ఇది మెదడుతో నిలువదు. చిరకాలము త్రాగువానికి అన్నము తక్కువయై, బి1 విటమిను దేహమున కరవగును. మద్యపు విషమును, ఈ కరవును కలిసి కాళ్ల నరములను చెరచును. అరికాళ్లు మండును, తిమ్మిరియెక్కును. ఆ మంటను చల్లార్చుటకు మరల త్రాగును. బి1 కరవు మెదడునకు తగిలినచో నడక తడబడును, కన్నులు చెదరును, జ్ఞాపకము నశించును. ఈ జబ్బును 1881లో వెర్నికీ, 1887లో కోర్సకాఫు వర్ణించిరి.

ఈ జ్ఞానము లేని కాలమున మన సంస్కర్తలు చేసిన కృషి తక్కువది కాదు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథల ద్వారా ఆదిహిందువుల వాడలలో మద్యమును మానుమని బోధించెను. ఆయన త్రాగుడును వేరుగా చూడలేదు. అవమానము, అవిద్య, దారిద్ర్యము, జోగినుల దురాచారము - వీనితో పాటు నొక్క పెరికింపుగా చూచెను. మద్రాసు రాజధానిలో రాజగోపాలాచారి ప్రభుత్వము 1937 అక్టోబరు 1న సేలము జిల్లాలో మద్యనిషేధము నారంభించి, 1938లో మన చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. హైదరాబాదు సంస్థానమున మాత్రము అబ్కారీ రాబడి ఖజానాకు ముఖ్యాధారములలో నొకటిగా నుండెను. ప్రజల నొప్పి ప్రభుత్వమునకు రాబడియగుట నాటితో తీరిపోలేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. అక్షరాస్యతా తరగతులలో చదువుకొనుచున్న ఆ స్త్రీల పూనిక జిల్లా యంతయు, పిదప రాష్ట్రమంతయు వ్యాపించెను. 1993లో సారాయి నిషేధింపబడెను; 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధము విధించెను. 1997లో అది సడలింపబడెను. ఈ యుద్యమమున స్త్రీలు చాటిన సత్యమొకటి యే యంత్రమును చూపనిది: పురుషుడు సీసాలో ముంచిన వేదన మాయము కాలేదు, భార్య వీపుమీదికిని, బిడ్డల పస్తులలోనికిని మారినది. వేదన చేతులు మారుచున్నదే కాని తీరుట లేదు. కావున త్రాగువాని నొప్పిని గుర్తింపుమని చెప్పుట అతని దౌర్జన్యమును క్షమింపుమని చెప్పుట కాదు. కొట్టు చేతిని ఆపుట మొదటి ధర్మము. ఆ చేతిని వణకించు రోగమును మాన్పుట రెండవ ధర్మము. ఒకటి చేసి రెండవది విడిచిన ఇల్లు నిలువదు.

నిషేధము ఒక్కటియే మందని నమ్మువారికి కల్లు చరిత్రయే జవాబు చెప్పుచున్నది. హైదరాబాదు నగరమున కల్లు కాంపౌండులు 2004లో మూయబడి 2014లో మరల తెరువబడినవి. 2015లో తెలంగాణమున కల్తీ కల్లుపై అధికారులు దాడులు చేసి సరఫరాను ఆపివేయగా, నిజామాబాదు, మహబూబునగరు మొదలగు జిల్లాలలో అనేకులు వింత చేష్టలతో, మూర్ఛలతో, పిచ్చిమాటలతో ఆసుపత్రులకు వచ్చిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. తాము త్రాగుచున్నది కల్లే యని వారనుకొనుచుండిరి. వారి మెదడు అల్ప్రజోలామునకు, క్లోరలునకు అలవడి యుండెను. అధికారుల పని ధర్మబద్ధమైనదే, విషమును అమ్మనీయరాదు. కాని సీసాను తీసివేయువారు ఆ సీసా ఖాళీచేసిన తక్కెడను గూర్చి ముందే యేర్పాటు చేయలేదు. ఊపిరిని చూచి గుండెను మరచిన కమిషను కథ మరియొక రూపమున మరల జరిగినది.

గృహస్థులు దీనినుండి గ్రహింపవలసిన మొదటి విషయము ప్రాణములకు సంబంధించినది. దినదినము విశేషముగా త్రాగువాడు, ఉదయమున చేతులు వణకువాడు, ఇంటిలో తలుపు వేసి ఉన్నట్టుండి మానరాదు, మాన్పింపరాదు. కడపటి గుక్క తరువాత కొన్ని గంటలకే వణకు, చెమట ప్రారంభమగును. మూర్ఛలు రెండు దినములలోపల రావచ్చును. రెండు మూడు దినములు గడచిన పిదప లేనివి కనబడుట, గుండెదడ, జ్వరము, ఒడలు తెలియకుండుట సంభవింపవచ్చును. ఈ సన్నిపాతమును 1813లోనే థామస్ సట్టను వర్ణించెను. చికిత్స లేనిచో అది ప్రాణాంతకము. చికిత్స యున్నచో చాలవరకు తప్పింపదగినది. మాల వేసికొని 41 దినముల దీక్ష పట్టువారిలో నిత్యము త్రాగువా రుందురు. దీక్ష పట్టుట మంచిదే, కాని అట్టివారు ముందుగా వైద్యుని దర్శించుట దైవమునకు అపచారము కాదు. వైద్యుడు కొలత ప్రకారము మందులిచ్చి తక్కెడను మెల్లగా సరిచేయును. బి1 విటమిను నిచ్చును. బేగంపేటకు కొలది దూరముననే యెర్రగడ్డ మానసిక వైద్యాలయమున్నది. అచ్చటికి పోవుట పిచ్చివాడని ముద్ర వేసికొనుట యని భయపడుచు మనవారు ఎన్నో ప్రాణములను చేజార్చుకొనుచున్నారు.

రెండవది, నొప్పిని అడుగుట. "ఏల త్రాగితివి?" అని గద్దించుటకు మారుగా "ఎచ్చట నొచ్చుచున్నది? ఎప్పటినుండి?" అని యడిగిన తల్లికి, ఇల్లాలికి జవాబు దొరకవచ్చును. అది అరిగిన మోకాలు కావచ్చును, నిద్ర లేని రాత్రులు కావచ్చును, తీరని యప్పు కావచ్చును, చెప్పుకొనలేని అవమానము కావచ్చును. వానిలో వైద్యమునకు లొంగునవి కలవు, మాటకు లొంగునవి కలవు, కూలి హెచ్చినప్పుడే లొంగునవియు కలవు. 41 దినములు నిష్ఠతో మానినవాడు 42వ దినమున మరల దుకాణమునకు పోవుచున్నాడనిన, అతనికి ఒట్టుపెట్టుకొను శక్తి లేదని కాదు. మానుటకు ముందున్న నొప్పి యట్లే యున్నదని యర్థము. సిపాయికి కాఫీగది యేర్పరచిన ఆనాటి సంఘములవారు తెలిసికొన్నది ఇదియే.

మూడవది, కాలము. సుఖమార్గమున మద్యము పుట్టించు ఆశను తగ్గించుటకు నల్ట్రెక్సోను అను మందు కలదు; 1994లో అమెరికా ప్రభుత్వము దానిని మద్యవశత్వమునకు అంగీకరించెను. వైద్యుని యాజ్ఞతో మన దేశమునను దొరకును. మందుకంటె మిన్నయైనది మెదడు మరల సంబంధములు సవరించుకొను శక్తి. దీర్ఘకాలము మానినవారి మెదడులలో సుఖస్థానముల ఉద్రేకము తగ్గి, అదుపు స్థానముల సంబంధములు బలపడి యుండుటను చిత్రములలో చూచిరి. ఇది వారములలో కాదు, మాసములలో, వత్సరములలో జరుగు పని. నడుమ నొకసారి తప్పటడుగు పడినచో "ఒట్టు తప్పినవాడు, ఇక మారడు" అని తీర్పు చెప్పరాదు. విరిగిన కాలు అతుకుకొనునప్పుడు రోగి ఒకసారి తూలినందులకు కట్టును విప్పి పారవేయము గదా!

నైతికబోధ నిష్ప్రయోజనమని యీ వ్యాసమువలన నెవరును తలంపవలదు. దూబగుంట స్త్రీల ధైర్యమును, భాగ్యరెడ్డివర్మ హరికథలను ఏ యంత్రమును చేయలేని పని చేసినవి. త్రాగని వానిని త్రాగకుండ నిలిపినవి, త్రాగువానికి మారవలెనను కోరిక పుట్టించినవి. ఆ కోరిక పుట్టిన పిమ్మట మానుటకు చేయూత యీయవలసినది జ్ఞానమును, వైద్యమును, ఇంటివారి సహనమును. మలేరియా కాలములో దోమను వెదకుట తెలిసిన పిమ్మట ఎవరును రోగిని "నీవు చెడుగాలి పీల్చితివి" అని దూషింపలేదు; దోమతెర కట్టిరి, నిలువనీటిని తీసివేసిరి, మందిచ్చిరి. మద్యమును గూర్చియు మన యిండ్లలో ఆ మార్పు రావలెను. త్రాగువానియెదుట నిలిచి దుకాణమును మూయించు చేయియు, అతనిని ఆసుపత్రికి నడిపించు చేయియు ఒక్కరివే యైన నాడు ఆ యింటి వేదన చేతులు మారుట మాని, నిజముగా తగ్గ నారంభించును.